హీటరు ఒకవైపే వేడినిస్తుంటే తప్పు యాక్చువేటరుదా, హీటర్ కోర్‌దా?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
మా కారులో రెండు వైపులా వేడిని వేర్వేరుగా అమర్చుకునే వీలుంది. ఇంజను పూర్తిగా వేడెక్కాక రెండింటినీ గరిష్ఠానికి పెడితే డ్రైవరు వైపు వెంటులో థర్మామీటరు 60 డిగ్రీలు చూపుతోంది కానీ, పక్క సీటు వైపు 32 దాటడం లేదు. బ్లెండ్ డోర్ యాక్చువేటర్ (వేడి గాలి, చల్లగాలి కలిసే పాళ్లను మార్చే తలుపును తిప్పే మోటారు) మార్చాలని ఒక మెకానిక్, హీటర్ కోర్ (ఇంజను నుంచి వచ్చే వేడి కూలెంట్ ద్రవంతో గాలిని వేడిచేసే భాగం) పూడుకుపోయిందని మరొకరు అంటున్నారు. ముందు ఏది చేయించాలో కారణాలతో చెప్పగలరు.

రెండో సభ్యుడు:
యాక్చువేటరే ముందండి. రెండు వైపులకూ వేడినిచ్చేది ఒకే కోర్ కాబట్టి, అది పూడితే రెండు వైపులా వేడి తగ్గాలి. ఒకవైపే తగ్గిందంటే ఆ వైపు డోర్ కదలడం లేదన్నమాట. దాన్ని తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ గేర్లుంటాయి, వాటి పళ్లు విరిగితే డ్యాష్‌బోర్డు వెనక టకటకమని చప్పుడు వస్తుంది.

మూడో సభ్యుడు:
రెండో సభ్యుడు గారు చెప్పిన చప్పుడు నిజమైన ఆనవాలే, కానీ కోర్ పూడితే రెండు వైపులా సమానంగా చల్లబడుతుందన్న మాటతో ఏకీభవించలేను. కోర్ అంటే సన్నని గొట్టాల వరుసలున్న చిన్న రేడియేటర్. మడ్డి అన్ని గొట్టాల్లోనూ ఒకే తీరుగా పేరుకోదు, ప్రవాహం మందగించే చోటే ఎక్కువగా చేరుతుంది. బ్లోయర్ గాలి మధ్యలో అడ్డుగోడతో రెండుగా చీలి ఆ కోర్ గుండానే సాగుతుంది కనుక, మూసుకుపోయిన గొట్టాలు ఏ వైపున ఉంటే ఆ వైపు గాలి చల్లగా వస్తుంది. రెండు వైపులకూ ఒకే నాబ్ ఉన్న కార్లలో కూడా ఈ తేడా కనిపించడానికి కారణం ఇదే.

అందుచేత ఏదీ విప్పకముందే కొలవండి. ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. వేడి మీద మూత తీస్తే పీడనంలో ఉన్న ద్రవం ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. తరువాత ఇంజను వేడెక్కించి, బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టి, ఇంజను గదిలోంచి లోపలి గోడలోకి వెళ్లే రెండు హీటర్ గొట్టాల వేడినీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. మెరిసే లోహం మీద లెక్క తప్పుతుంది కనుక రబ్బరు మీదే గురిపెట్టాలి. లోపలికి వెళ్లేది బాగా వేడిగా, తిరిగి వచ్చేది గోరువెచ్చగా ఉంటే ప్రవాహం చాలడం లేదని అర్థం. ఐడ్లింగులో చల్లగా ఉండి యాక్సిలరేటర్ తొక్కగానే వేడి పెరిగితే కోర్‌ను నిందించే ముందు కూలెంట్ తక్కువైందా, గొట్టాల్లో గాలి చిక్కిందా, వాటర్ పంపు బలహీనపడిందా అన్నది తేల్చుకోవాలి. రెండు గొట్టాలూ దాదాపు సమానంగా వేడిగా ఉంటే మాత్రం నేనూ యాక్చువేటర్ వైపే మొగ్గుతాను. కొన్ని బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కార్లలో ఎడమకూ కుడికీ వేర్వేరు నీటి వాల్వులుంటాయి. మీది అలాంటిదైతే వాటినీ చూడాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
కూలెంట్ మట్టం సరిగ్గానే ఉంది. లోపలికి వెళ్లే గొట్టం 84, తిరిగి వచ్చేది 45 డిగ్రీలు ఉన్నాయి. యాక్సిలరేటర్ తొక్కినా పెద్దగా మారలేదు. పక్క సీటు వైపు చల్లదనానికి తిప్పితే గాలి వెంటనే చల్లబడుతోంది, చప్పుడేమీ లేదు.

రెండో సభ్యుడు:
డోర్ కదిలినంత మాత్రాన చివరిదాకా వెళుతోందని చెప్పలేం, సగంలో ఆగిపోయేవీ ఉంటాయి. అయినా 39 డిగ్రీల తేడా ముందు నా వాదన నిలవదు. అయితే కోర్‌ను ఫ్లష్ చేయించడం (నీటితో కడిగించడం) కన్నా కోర్ మార్చడమే మేలని నా అభిప్రాయం. గట్టిగా అంటుకున్న మడ్డి పూర్తిగా రాదు, కొన్నాళ్లకే తేడా మళ్లీ మొదలవుతుంది.

మూడో సభ్యుడు:
ఆ అవకాశం ఉంది, కానీ చాలా కార్లలో కోర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. గొట్టాలు రెండూ విప్పి, తిరిగి వచ్చే దారి నుంచి నీటిని ఎదురు పంపే ఫ్లష్ అంతకన్నా ఎంతో చిన్న పని. నీటి ఒత్తిడి మాత్రం తక్కువగానే ఉంచమనండి, పాత కోర్ పగిలితే కూలెంట్ కాళ్ల దగ్గర కార్పెట్‌లోకి దిగుతుంది. మొదట వచ్చే నీటిని తెల్లని పాత్రలో పట్టి చూడండి. తుప్పు రంగు పొడి వస్తే అది లోపలి తుప్పు, జిగురుగా ముద్దలు వస్తే సరిపడని రెండు రకాల కూలెంట్లు కలిసి ఉండవచ్చు లేదా ఎవరైనా లీకు ఆపే మందు పోసి ఉండవచ్చు. జిగురు కనిపిస్తే కోర్ ఒక్కదాన్నే కడిగి ఊరుకోకుండా రేడియేటర్‌తో సహా మొత్తం శుభ్రం చేయించి, కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే నింపించి, చివరగా గాలి పూర్తిగా తీయించండి. ఆ తరువాత కూడా తిరిగి వచ్చే గొట్టం గోరువెచ్చగానే ఉంటే కోర్ మార్చడం తప్పదు.