కెనడాలో టొరంటో దగ్గర మిల్టన్‌లో ఉంటున్నాం, ఇక్కడి ఆదివాసీల గురించి పిల్లలకి ఎంతవరకు చెప్పాలి?

మిల్టన్_అమ్మ:
అందరికీ నమస్తే. మా వీకెండ్ మీ అందరి వీకెండ్ లాంటిదే, శనివారం పొద్దున పాపకి స్విమ్మింగ్, అట్నుంచటే కాస్ట్కో, ఇంటికొచ్చి వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బి పెట్టుకోవడం, ఆదివారం సగం నిద్రలోనే పోతుంది. మొన్న ఎండ బావుందని క్రాఫర్డ్ లేక్ వెళ్ళాం. అక్కడ ఐదారొందల ఏళ్ళ కిందటి ఊరిని మళ్ళీ కట్టి చూపిస్తారు, చెట్టు బెరడు కప్పిన పొడుగు ఇళ్ళు, లోపల చీకటి, పొగ వాసన, రెండు పక్కలా అరుగుల్లాంటి మంచాలు. సరస్సు అడుగు బురదలో మొక్కజొన్న పుప్పొడి దొరికితే, అయితే ఇక్కడెవరో పంట వేశారని చుట్టుపక్కల తవ్వారట, ఊరు బయటపడిందట. పెళ్ళయ్యాక మగాళ్ళు వచ్చి భార్య వాళ్ళింట్లో ఉండేవాళ్ళని గైడ్ చెప్పగానే నేను మా ఆయన వైపు చూసి నవ్వాను, అందరూ ఇల్లరికమే అన్నమాట.

సరే అసలు విషయం. కార్లో మా పాప (రెండో క్లాసు) అడిగింది, ఆ ఊరివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు అని. మా ఆయన వేరే చోటికి వెళ్ళిపోయార్రా అన్నారు. ఎవరు పొమ్మన్నారు, మనిల్లు కూడా వాళ్ళదేనా అంది. ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం. సెప్టెంబర్ 30కి, రెసిడెన్షియల్ స్కూళ్ళలో (ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళకి దూరం చేసి పెట్టిన బళ్ళు) నలిగిన పిల్లల్ని తలుచుకోవడానికి, స్కూల్లో ఆరెంజ్ షర్ట్ వేసుకు రమ్మన్నారు, అప్పుడు ఇంకా అడుగుతుంది. మా ఆయనేమో మనం నిన్నగాక మొన్న వచ్చాం, వాళ్ళ గొడవ మనకెందుకు, పిల్ల బుర్ర పాడు చేయకు అంటున్నారు. మీరైతే ఏం చెప్తారు? బ్రాంట్‌ఫర్డ్‌లో అలాంటి పాత స్కూల్ ఒకటి ఉందట, ఓ శనివారం తీసుకెళ్ళచ్చా, లేక చిన్నపిల్ల కదా వద్దా?

గ్రాండ్‌రివర్_గోదారి:
ముందు మీ పాప ప్రశ్నకి జవాబు. క్రాఫర్డ్ లేక్ ఊరివాళ్ళు వేరు, తర్వాత మిల్టన్ నేల మీద సంతకం పెట్టినవాళ్ళు వేరు, రెండూ కలిపేయకండి. మీ ఇల్లున్న చోటు 1818లో మిస్సిసాగా తెగ నుంచి బ్రిటిష్ వాళ్ళు తీసుకున్నది, ఆరు లక్షల నలభై ఎనిమిది వేల ఎకరాలు, బదులుగా ఏడాదికి ఐదొందల ఇరవై రెండు పౌండ్ల పది షిల్లింగుల విలువైన సామాన్లు. అప్పటికే తెగలో జనం బాగా తగ్గిపోయారు, చేపలు పట్టే చోట్లన్నీ సెటిలర్ల చేతిలోకి పోయాయి, ఇక బేరం ఆడే ఓపిక ఎక్కడుంటుంది? టొరంటో కథ ఇంకా ఘోరం. అక్కడి నేలకి ఇదే తెగతో 1787లో రాసుకున్నామన్న కాగితం ఖాళీది, ఎంత నేలో ఎక్కడిదాకానో ఏమీ రాయలేదు, తెగ పెద్దల గుర్తులు వేరే ముక్క మీద పెట్టించి దానికి అంటించారు. 1805లో దాన్ని సర్దడానికి ఇంకో కాగితం, పది షిల్లింగులు. ఈ లెక్క తేలేసరికి 2010 అయింది, కెనడా ప్రభుత్వం 145 మిలియన్ డాలర్లు ఇచ్చింది.

ఆ మిస్సిసాగా వాళ్ళు ఇప్పుడెక్కడున్నారంటే, ఉన్నారు. 1847లో క్రెడిట్ నది ఒడ్డు వదిలేసి హేగర్స్‌విల్ దగ్గరికి పోయారు, అది కూడా ప్రభుత్వం చూపించిన చోటు కాదు, సిక్స్ నేషన్స్ (ఆరు ఆదివాసీ తెగల కూటమి) వాళ్ళు తమ నేలలోంచి ఇచ్చారు. మీ ఇంటినుంచి కార్లో గంట పైన, అంతే. వెళ్ళిపోయారు అనే మాట మాత్రం పిల్లకి చెప్పకండి, డైనోసార్లు అనుకుంటుంది.

స్నో_షవల్:
అక్కా నేను మీ ఆయన పార్టీ. మనల్ని కూడా ఆ బ్రిటిష్ వాళ్ళే ఏలారు, మనమేం లాక్కోలేదు, పైగా ఇక్కడ మార్ట్‌గేజ్ కట్టలేక చస్తున్నాం. వారమంతా పరిగెత్తి వీకెండ్ వస్తే ఈ బరువు కూడా నెత్తిన ఎందుకు. షర్ట్ వేసి పంపండి చాలు. ఆ మాటకొస్తే మన దగ్గర ఆదివాసీల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం ఉండి కూడా ఏజెన్సీలో ఎన్ని భూములు చేతులు మారలేదు?

గ్రాండ్‌రివర్_గోదారి:
తమ్ముడూ, మన దగ్గర కూడా జరిగింది కాబట్టే మనకి ఇంకా తొందరగా అర్థమవ్వాలి కదా, అది వదిలేయడానికి కారణం ఎలా అవుతుంది. లాక్కున్నది నువ్వు కాదు, నిజమే. కానీ రెసిడెన్షియల్ స్కూళ్ళ మీద విచారణ చేసిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ఇచ్చిన 94 సూచనల్లో చివరి రెండూ ఎవరి గురించో చూడు. 93 కొత్తగా వచ్చినవాళ్ళకిచ్చే సమాచారం గురించి, 94 సిటిజన్‌షిప్ ప్రమాణం గురించి. 2021లో ప్రమాణం మార్చారు, ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మేటీ అనే ఇక్కడి ఆదివాసీల హక్కుల్ని, ఒప్పందాల హక్కుల్ని గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తానని చెయ్యెత్తి చెప్తేనే మనం కెనడియన్లం. పాస్‌పోర్ట్ కావాలి, ఆ వాక్యం మాత్రం మనకెందుకు అంటే ఎలా?

టీచర్_పిన్ని:
ఇక్కడ స్కూల్లోనే పనిచేస్తాను కాబట్టి పిల్లల సంగతి వరకు చెప్తా. రెండో క్లాసు పిల్లకి ఆరెంజ్ షర్ట్ కథ చాలు. ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆవిడ ఆరేళ్ళప్పుడు, 1973లో, అమ్మమ్మ కొనిచ్చిన కొత్త ఆరెంజ్ చొక్కా వేసుకుని బ్రిటిష్ కొలంబియాలో రెసిడెన్షియల్ స్కూల్‌కి వెళ్తే మొదటి రోజే లాగేసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. పిల్లలకి ఇది ఠక్కున అర్థమవుతుంది, తన చొక్కా తీసుకుంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. లక్షా యాభై వేల మంది పిల్లలు, ఇంట్లో మాట్లాడే భాష మాట్లాడితే దెబ్బలు, 1990ల దాకా నడిచిన స్కూళ్ళు, సమాధులు, ఇవన్నీ పదేళ్ళు దాటాక నిదానంగా. అడిగితే అబద్ధం మాత్రం వద్దు, అడగనిది కుక్కద్దు.

మీరడిగిన బ్రాంట్‌ఫర్డ్ స్కూల్, మొహాక్ ఇన్‌స్టిట్యూట్, 1831 నుంచి 1970 దాకా పిల్లల్ని అక్కడే ఉంచి నడిపారు. రోజూ గంజిలాంటి ఓట్స్ జావే పెట్టేవాళ్ళని పిల్లలు ఆ స్కూల్‌ని మష్ హోల్ (మష్ అంటే జావ) అనేవాళ్ళు. వెనక గోడ ఇటుకల మీద ఆ పిల్లలు గీకిన పేర్లు ఇప్పటికీ ఉన్నాయి, నేను ఒక పేరు మీద వేలు పెట్టి చూశాను, అక్షరాలు లోతుగా ఉన్నాయి, ఎంతసేపు గీకి ఉంటారో. మా పెద్దాడు అప్పటికి హైస్కూల్, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మీ పాపకి ఇప్పుడొద్దు. ముందు మీరిద్దరూ వెళ్ళిరండి, పిల్లని మా ఇంట్లో వదలండి కావాలంటే 😊

స్నో_షవల్:
పిన్ని చెప్పింది ఒప్పుకుంటా. కానీ చొక్కా వేసి ఫోటో పెట్టే కంపెనీలంటే మాత్రం నాకు పడదు. ఉత్తర ఒంటారియోలో నెస్కాంటగా అనే ఆదివాసీ ఊళ్ళో 1995 నుంచి కాచుకోకుండా నీళ్ళు తాగడానికి లేదు, ఇంత డబ్బున్న దేశంలో.

టీచర్_పిన్ని:
అదే రా, అది అడిగితే నువ్వు మా పార్టీలోకి వచ్చేసినట్టే.

మిల్టన్_అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. ఈ థ్రెడ్ మా ఆయనకి చూపించాను, 1818 కాగితం దగ్గర ఆగి, మన ఇంటి డాక్యుమెంట్స్‌లో దీని ఊసే లేదేంటి అన్నారు. పాపకి మాత్రం నిన్న చెప్పేశాను, మనిల్లున్న నేల మిస్సిసాగా వాళ్ళది, వాళ్ళు ఉన్నారు, గంట పైన దూరంలో అని. అయితే శనివారం స్విమ్మింగ్ మానేసి వెళ్దాం అంటోంది, స్విమ్మింగ్ ఎగ్గొట్టడానికే అనుకోండి. వేసవిలో సిక్స్ నేషన్స్‌లో పౌవావ్ (ఆదివాసీల ఆటపాటల పండగ) జరుగుతుందట, బయటివాళ్ళు రావచ్చట, ఎవరైనా పిల్లలతో వెళ్ళారా? తినడానికి, ఎండకి ఏం తీసుకెళ్ళాలో చెప్పండి. ఫోటోలు మాత్రం అడక్కుండా తీయకూడదని విన్నాను, మా ఆయన ఫోన్ నేనే పట్టుకుంటా.