డిగ్రీ తరగతిలో అమ్మాయిల ఆలోచన మనకు ఎందుకు వినిపించడం లేదు?

ప్రశ్న (అర్థశాస్త్ర అధ్యాపకురాలు, నల్లకుంట):

అందరికీ నమస్కారం. మూసీ తీరంలోని ఇళ్లను తరలించడం న్యాయమేనా అన్న అంశంపై మొన్న డిగ్రీ మూడో సంవత్సరం తరగతిలో చర్చ పెట్టాను. మాట్లాడినవారు దాదాపు అందరూ అబ్బాయిలే. తరువాత అసైన్‌మెంట్లు దిద్దుతూ, ఆ గంటసేపూ నోరు విప్పని ఒక అమ్మాయి రాసిన పేజీ దగ్గర ఆగిపోయాను. చాదర్‌ఘాట్‌లో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషికి నగరం చివర ఇల్లు ఇస్తే, ఆమె పోగొట్టుకునే జీతాన్ని ఏ పద్దులో రాస్తారని ఆ అమ్మాయి అడిగింది. వెంటనే, వరద వచ్చే చోటే ఉండిపొమ్మనడం కూడా న్యాయం కాదు కదా అని తన వాదాన్ని తానే నిలదీసుకుంది. ఆడపిల్లలు బట్టీ పడతారే తప్ప విమర్శనాత్మకంగా ఆలోచించరని మా స్టాఫ్‌రూమ్‌లో తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. దీనిపై పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

జవాబు 1 (విద్యాశాస్త్ర పరిశోధకుడు, తార్నాక):

మేడమ్, ఈ చర్చకు మూలం 1970లో హార్వర్డ్‌కు చెందిన విలియం పెర్రీ ప్రచురించిన అధ్యయనం. సరైన జవాబు గురువు దగ్గరే ఉంటుందన్న నమ్మకంతో కాలేజీకి వచ్చిన విద్యార్థి, ఎవరి అభిప్రాయం వారిదే అన్న దశ దాటి, ఆధారాలను తూచి తన నిర్ణయానికి తాను బాధ్యత వహించే స్థితికి చేరతాడని ఆయన వివరించారు. అయితే ఆయన ప్రధానంగా ఆధారపడింది మగ విద్యార్థుల ఇంటర్వ్యూలపైనే. 1986లో మేరీ బెలెంకీ, మరో ముగ్గురు పరిశోధకురాళ్లు 135 మంది స్త్రీలతో మాట్లాడి, ఎదుటి వాదాన్ని దూరంగా నిలబడి పరీక్షించడమే కాక, ఆ మనిషి స్థానంలో నిలబడి అర్థం చేసుకోవడం కూడా తెలుసుకునే పద్ధతేనని చూపించారు. మీ విద్యార్థిని రాసిన పేజీలో ఈ రెండూ ఉన్నాయి.

మీకు ఎక్కువగా పనికొచ్చేది మార్సియా బాక్స్‌టర్ మగోల్డా కృషి. ఆమె 1986 నుంచి ఒహాయో రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయంలో 101 మంది విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించారు. తొలి దశలో విని, రాసుకుని నేర్చుకునే తీరు అమ్మాయిల్లో ఎక్కువగా, ప్రశ్నిస్తూ, వాదిస్తూ నేర్చుకునే తీరు అబ్బాయిల్లో ఎక్కువగా కనిపించింది. అయినా రెండు తీరులూ ఇరువురిలోనూ ఉన్నాయి, ఒకటి రెండోదాని కంటే కింది మెట్టు కాదు. మీ స్టాఫ్‌రూమ్ పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది: తీరును చూసి మెట్టు అనుకుంటున్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ హైడ్ 2005లో 46 మెటా విశ్లేషణలను (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టే పరిశీలనలను) పరిశీలించినప్పుడు కూడా, స్త్రీ పురుషుల మధ్య కనిపించిన తేడాల్లో 78 శాతం స్వల్పమైనవో, దాదాపు లేనివో అని తేలింది.

జవాబు 2 (పీజీ విద్యార్థిని, కోఠి):

మేడమ్, మీ చర్చ ఏ పీరియడ్‌లో జరిగిందో చెప్పగలరా? నేను డిగ్రీ చదివిన చోట చర్చలన్నీ చివరి పీరియడ్‌లోనే ఉండేవి. హాస్టల్ గేటు మూసే వేళ మాకే ఉండేది, అబ్బాయిలకు లేదు. అందువల్ల మాట మొదలుపెట్టాక మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తుందని అసలు మొదలే పెట్టేవాళ్లం కాదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకపోవడంతో లైబ్రరీకి వెళ్లిరావడం తేలికైంది కానీ, గేటు వేళ మాత్రం మారలేదు. ఇంకొక మాట: నేను తెలుగు మీడియం నుంచి వచ్చాను. ఒకసారి ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపే వెనక బెంచీ నుంచి నవ్వు వినిపించింది. ఆ సెమిస్టరంతా నేను మళ్లీ చెయ్యెత్తలేదు. అప్పుడు నా దగ్గర ఆలోచన లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

జవాబు 3 (విశ్రాంత అధ్యాపకుడు, సికింద్రాబాద్):

అమ్మా, పై ఇద్దరూ చెప్పినది నిజమే. అయితే రాయడం వాళ్ల తీరని సరిపెట్టుకుని అమ్మాయిలను కాగితానికే వదిలేయకండి. రేపు వైవాలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో నోటితోనే వాదించాలి. పైగా నలుగురి ముందు చెప్పిన మాటకు ఎదురుప్రశ్న వచ్చినప్పుడే ఆలోచన గట్టిపడుతుంది. అబ్బాయిలకూ వినడం నేర్పాలి. అది వారికి మనం చేస్తున్న లోటు.

ప్రశ్న అడిగినవారి స్పందన:

అవునమ్మా, అది చివరి పీరియడే. నాకు ఇంతవరకూ తట్టలేదు. వచ్చే గురువారం చర్చను రెండో పీరియడ్‌కు మారుస్తున్నాను. ముందు అందరూ ఐదు నిమిషాలు రాసుకుంటారు, తరువాత తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా మాట్లాడవచ్చు, పక్కవారి వాదాన్ని వారు ఒప్పుకునేలా తిరిగి చెప్పిన తరువాతే ఎవరైనా దాన్ని ఖండించాలి. పద్దు సంగతి అడిగిన అమ్మాయితోనే మొదలుపెట్టిద్దామని ఆమెను అడిగాను. ఆలోచించుకుని చెబుతానంది.