తల్లిపులి కోసం చెంచు పెంటలు ఖాళీ చేయాలా?

దేవరకొండ బాటసారి:
నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి ఊళ్లను, పెంటలను (చెంచు గిరిజనుల చిన్న గూడేలను) బయటికి తరలించాలన్న మాట మళ్లీ మళ్లీ వస్తోంది. కుటుంబానికి 15 లక్షలు. డబ్బుగా తీసుకోవచ్చు, లేదా భూమి, ఇల్లు ఇమ్మని అడగవచ్చు. ఆడపులి పిల్లలను సాకాలంటే మనిషి అలికిడి లేని అడవి కావాలని ఒకరంటారు. ఇన్నాళ్లూ పులికి కాపలా కాసింది చెంచులే కదా అని ఇంకొకరంటారు. నేను తరలింపు వైపే మొగ్గుతాను. కాదనేవారు ఎందుకు కాదో చెప్పండి. తిట్లు మాత్రం వద్దు. నల్లమలలో యురేనియం తవ్వకాల మీద ఇక్కడ జరిగిన చర్చ ఎక్కడికి పోయి తేలిందో అందరికీ గుర్తుంది.

కెమెరా కన్ను:
నేనూ తరలింపు పక్షమే. ఆడపులి దాదాపు వంద రోజులు మోసి రెండు నుంచి నాలుగు పిల్లలను కంటుంది. కళ్లు తెరవని ఆ కూనలను రాతి సందులోనో, దట్టమైన పొదలోనో దాచి వేటకు వెళ్తుంది. అలికిడి అయితే ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని మరో చోటికి మారుస్తుంది. ఆ తిప్పలతోనే సరిపోతే వేట ఎప్పుడు చేస్తుంది, పాలు ఎక్కడి నుంచి వస్తాయి? పిల్లలు ఏడాదిన్నర, రెండేళ్ల దాకా తల్లి వెంటే ఉంటాయి. అన్ని కడుపులు నిండాలంటే దుప్పులు, కణుజులు కావాలి. వాటికి గడ్డి, నీళ్లు కావాలి. మధ్యప్రదేశ్‌లోని సాత్పురాలో ఊళ్లు లేచిపోయిన చోట పొలాలన్నీ పచ్చిక బయళ్లై జింకలతో నిండాయి. మన నల్లమల ఎండు అడవి. వేసవిలో మిగిలే కాసిన్ని నీళ్ల దగ్గరికే ఊరూ రావాలి, పశువూ రావాలి, పులీ రావాలి. ఎవరో ఒకరు తప్పుకోక తప్పదు.

అచ్చంపేట మాస్టారు:
కెమెరా కన్ను గారూ, పులి గురించి మీరు రాసినదానితో నాకు పేచీ లేదు. తప్పుకోవలసింది ఎవరన్న దగ్గరే పేచీ.

మన్ననూరు దాటాక దోమలపెంట దాకా అడవిని చీల్చుకుంటూ శ్రీశైలం రోడ్డు పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలు ఆపుతారు, మంచిదే. పగలంతా హారన్లే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే జనాన్ని ఎప్పుడైనా చూశారా? దారి పొడవునా నీళ్ల సీసాలు, పొట్లాలు, మైకులు. నాలుగు గుడిసెల పెంట ఏడాదంతా చేసే చప్పుడు ఆ జాతర ఒక్కపూట చేసే చప్పుడుకు చాలదు. రోడ్డును జరపమని, దేవుడిని జరపమని ఎవరూ అనరు. అడిగేవాడు లేనివాడినే జరగమంటాం.

ఇక చట్టం సంగతి. 2006లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం గిరిజనులను తరలించాలంటే ముందు వారి అటవీ హక్కులు తేల్చాలి. వారి వల్ల పులికి కోలుకోలేని నష్టం జరుగుతోందని, కలిసి బతికే దారి లేదని నిర్ధారించాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. కొత్త చోట వసతులు ముందే సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ అయ్యాక రావలసిన 15 లక్షల మాటతో మనం మొదలుపెట్టాం.

పులి కూనలకు అసలు గండం ఎక్కడుందో కూడా చూడండి. ఒక ప్రాంతాన్ని ఏలే మగపులి పోతే దాని చోటికి కొత్త మగపులి వస్తుంది, పాతదాని పిల్లలను చంపేస్తుంది. అడవిపందికి పెట్టిన ఉచ్చులోనో, కరెంటు తీగకో ఒక మగపులి చిక్కితే, ఆ లోయలోని కూనలన్నీ లెక్కలోంచి పోయినట్లే. ఉచ్చులు కనిపెట్టేది కాలినడకన తిరిగే మనిషి. ఇక్కడ ఆ మనిషి చాలాచోట్ల చెంచు.

కెమెరా కన్ను:
మాస్టారూ, రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అడవిని మరిచిపోతున్నారు. అక్కడ లోపల ఊళ్లున్నాయి, కాపలా ఉంది. అయినా 2005 నాటికి ఒక్క పులీ మిగలలేదు. మనిషి ఉంటే కాపలా ఉన్నట్లేనని ఎలా అంటారు?

అచ్చంపేట మాస్టారు:
కర్ణాటకలో బిళిగిరి రంగన కొండలు కూడా ఉన్నాయి. అక్కడి గిరిజనులైన సోలిగలకు 2011లో సామూహిక అటవీ హక్కులు ఇచ్చారు. పులులు ఇప్పటికీ ఉన్నాయి.

కృష్ణ ఒడ్డు:
మాస్టారు గారికి, కెమెరా కన్ను గారికి ఒక సంగతి గుర్తు చేయాలి. 2023 మార్చిలో కృష్ణకు అవతల, ఆత్మకూరు అటవీ ప్రాంతంలోని పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు జనం కంటపడ్డాయి. ఊరివాళ్లు వాటిని కుక్కల బారిన పడకుండా గదిలో పెట్టి అటవీ శాఖకు కబురు చేశారు. తల్లి దగ్గరికి చేర్చాలని అధికారులు ప్రయత్నించారు, కుదరలేదు. చివరికి తిరుపతి జూకు పంపారు. ఊరు పక్కనుంటే కూనలకు ముప్పు అనడానికి ఇది సాక్ష్యం. మనుషులు మంచివాళ్లే అనడానికీ ఇదే సాక్ష్యం. ఎవరికి కావలసింది వారు తీసుకోవచ్చు. నాకైతే కోపమొచ్చింది ఫోన్లు పట్టుకుని ఎగబడినవాళ్ల మీద. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు.

పెంట బిడ్డ:
నేను చెంచును. అచ్చంపేటలో డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న అడవిలో అటవీ శాఖ కాపలా శిబిరమైన బేస్ క్యాంపులో వాచరు, దినకూలీ ఉద్యోగం. మా గురించి ఇంత చర్చ నడుస్తోంది కాబట్టి కొంచెం రాస్తాను.

పులులను లెక్కపెట్టే కెమెరాలు కట్టేటప్పుడు నేనూ వెళ్లాను. దారికి రెండు వైపులా, మోకాలి ఎత్తున, ఎదురెదురుగా కడతారు. పులికి కుడివైపు చారలు ఒక తీరు, ఎడమవైపు మరో తీరు, అందుకే రెండు. కానీ ఏ దారిలో కట్టాలో కెమెరాకు తెలియదు కదా. అది చెప్పేది మా నాన్న. నీళ్ల తొట్టి అంచున బురదలో పొడవాటి అడుగు చూసి ఆడదన్నాడు. చుట్టూ మట్టి నలిగి ఉంటే వంగి వేలితో చూపించాడు, నా బొటనవేలి కన్నా కాస్త పెద్దవి, ఒకదాని మీద ఒకటి పడ్డ అడుగులు. వెంటనే అందరినీ వెనక్కి నడవమన్నాడు. ఆ ఎండాకాలం మా పెంటవాళ్లెవరూ తేనెకు ఆ వైపు పోలేదు.

ఇప్పుడు రెండో సంగతి. మాస్టారు గారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ మా అక్కకు పురిటి నొప్పులు వస్తే మంచం మీద రోడ్డు దాకా మోశాం. ఆమె బయటికి పోదామంటుంది. నాన్న రానంటాడు. మా ఇంట్లోనే తెగని మాటకు మీరు ఇటో అటో తీర్పు చెప్పేస్తున్నారు. రోడ్డు పక్కన ఊళ్ల లెక్క వేరు, లోపలి పెంటల లెక్క వేరు. పోదలిచినవారికి భూమి చూపించండి. చేయి పెడితే నీళ్లు పడే భూమి, రాళ్లగుట్ట కాదు. ఉండదలిచినవారిని ఉండనివ్వండి. బేస్ క్యాంపులో ఉద్యోగం మాత్రం పర్మనెంటు చేయండి.

దేవరకొండ బాటసారి:
తమ్ముడూ, మంచి మాట. మరి పశువుల సంగతి? వానాకాలంలో మందలు మందలుగా లోపలికి పోతాయి. దుప్పి మేయవలసిన గడ్డి అవే మేస్తాయి.

తండా రైతు:
ఆ మందల్లో మావీ ఉన్నాయి. మా పొడ తూర్పు పశువులను 2020లో దేశీయ జాతిగా గుర్తించారు. అడవిలో నడిచి మేసినందుకే వాటికి ఆ కాళ్లు, ఆ ఓర్పు. జాతిని కాపాడమని సర్టిఫికెట్టు ఇచ్చి, అడవిలోకి రావద్దంటే ఎక్కడ మేపాలి?

కెమెరా కన్ను:
సరే, ఒక ప్రతిపాదన. కూనలున్నాయని తేలిన లోయను కొన్ని నెలలు మూసేద్దాం. మంద పోదు, తేనెకు ఎవరూ పోరు. పెంట ఉన్నచోటే ఉంటుంది. ఒప్పుకుంటారా?

పెంట బిడ్డ:
మేం ఇప్పుడూ చేస్తున్నది అదే అన్నా. సఫారీ జీపు కూడా ఆగుతుందా?

కెమెరా కన్ను:
జీపు ఆగితే గైడ్ల కూలి మాటేమిటి?

పెంట బిడ్డ:
ఆ గైడ్లలో ఇద్దరు మా పెంటవాళ్లే. ఆదివారం ఊరికి పోతున్నాను. వాళ్లను అడిగి వచ్చి ఇక్కడే రాస్తాను. మీరు ఈలోగా జీపులు నడిపేవాళ్లను అడగండి.