ఎంహెచ్370 కోసం మళ్ళీ వెతకడం దండగేనా?

గోదారి_గాలి: 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ వెళ్తూ 239 మందితో మాయమైన మలేషియా విమానం గురించే. 2017 జనవరి దాకా మూడు దేశాలు కలిసి 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రం అడుగు గాలించాయి, 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే కంపెనీ ఇంకో లక్ష పైన గాలించింది, ఫలితం సున్నా. మళ్ళీ 2025లో అదే కంపెనీతో 7 కోట్ల డాలర్ల ఒప్పందం. ఇది దండగ ఖర్చు కాదా?

చింతామణి99: దొరికితేనే డబ్బులు బ్రో. దొరక్కపోతే పైసా ఇవ్వరు. సరిగ్గా చదివి పోస్ట్ పెట్టు.

రన్‌వే_రాజు: అసలు మలేషియాకి చేతకాలేదు అంతే. 2009లో అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447ని ఫ్రాన్స్ వాళ్ళు రెండేళ్ళకి దాదాపు 3,900 మీటర్ల లోతులోంచి బయటకి తీశారు కదా

తోకచుక్క: రాజుగారూ ఆ రెండిటికీ పోలికే లేదండీ. 447 పడేముందు తన పొజిషన్ పంపింది, శిథిలాలు దానికి 12 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, అయినా రెండేళ్ళు పట్టింది. 370కి ట్రాన్స్‌పాండర్, అంటే విమానం ఏదో ఎక్కడుందో కింది రాడార్‌కి చెప్పే పరికరం, ఆగిపోయింది, మిలిటరీ రాడార్‌లో రాత్రి 2:22కి చివరిసారి కనబడింది, ఆ తర్వాత మిగిలింది శాటిలైట్‌తో గంటకోసారి జరిగిన పలకరింపు మాత్రమే, చివరిది పొద్దున 8:19కి. దాంట్లో శాటిలైట్‌కి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది గానీ ఏ చోటో తెలీదు. గుంజకి కట్టిన గేదె లాగన్నమాట, తాడు పొడుగు తెలుసు, గేదె ఏ పక్కనుందో తెలీదు. పైగా మొదటి వారమంతా దక్షిణ చైనా సముద్రంలోనే ఎక్కువగా వెతికారు, బ్లాక్ బాక్స్ నీళ్ళలో ఎక్కడుందో శబ్దంతో చెప్పే బీకన్ బ్యాటరీ ఏమో ముప్పై రోజులకే. దాంట్లో చేతకానితనం లేదనను, కానీ అసలు చిక్కు అది కాదు. 2015లో రీయూనియన్ దీవిలో రెక్క ముక్క దొరికింది కాబట్టి హిందూ మహాసముద్రంలోనే పడిందని తేలింది, అంతే.

గోదారి_గాలి: సరే, అయితే చోటే తెలీనప్పుడు ఇంకా వెతకడం ఎందుకు? ఆ డబ్బేదో విమానాల్ని ట్రాక్ చేయడానికి పెట్టొచ్చుగా.

తోకచుక్క: ఆ పని జరిగింది సార్. సముద్రం మీద పదిహేను నిమిషాలకోసారి పొజిషన్ తెలియాలని 2018 నుంచి రూల్ ఉంది, కొత్త పెద్ద విమానాలు ఆపదలో ఉంటే నిమిషానికోసారి చెప్పాలి. వెతకడం వేరు, ఇది వేరు. 370 ఎందుకు దారి మళ్ళిందో బ్లాక్ బాక్స్ రికార్డర్లు దొరికితేనే తెలుస్తుంది.

భీమిలి_బీచ్: 2016 జూలైలో చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ ఏఎన్-32 అనే విమానం పోయింది, 29 మంది, అందులో 8 మంది మా వైజాగ్ నేవల్ ఆర్మమెంట్ డిపో వాళ్ళు. అది ఎయిర్‌ఫోర్స్‌ది, ప్యాసింజర్ విమానం కాదు, నిజమే. ఏడున్నరేళ్ళకి, 2024 జనవరిలో, 3,400 మీటర్ల లోతులో శిథిలాల ఫొటోలు దొరికాయి. ఆ ఇళ్ళల్లోకి వెళ్ళి అడిగి రండి వెతకడం దండగో కాదో. ఇక్కడ కూర్చుని లెక్కలేయడం తేలికే

రన్‌వే_రాజు: ఏఎన్-32 సంగతి వేరు బాసూ, ఎక్కడ పోయిందో దాదాపుగా తెలుసు.

భీమిలి_బీచ్: తెలిసీ ఏడున్నరేళ్ళు పట్టిందంటున్నా. అదే కదా నా పాయింట్.