పోయెమ్ చేయించుకుంటే అన్నవాహిక బాగుపడినట్టేనా?

గోదారిగట్టు: నాన్నకి అకలేషియా, అంటే అన్నవాహిక కింది వాల్వు వదులవని జబ్బు. మంచినీళ్ళు కూడా దిగేవి కావు. ఎనిమిది నెలల కింద పోయెమ్ చేశారు. నోట్లోంచి ఎండోస్కోప్ పంపి అన్నవాహిక కింది కండరం కోస్తారు కదా, అదే. అన్నం దిగుతోంది. కానీ రాత్రి పడుకుంటే పుల్లనీళ్ళు గొంతులోకి వస్తున్నాయి. ఇదేనా నయమవడం?

ఓరుగల్లు_రామం: నాకు 2019లో చేశారు. అంతకుముందు 14 కిలోలు తగ్గాను, పెళ్ళి భోజనమంటేనే టెన్షన్. ఇప్పుడు ఆవకాయన్నం తింటున్నా. పొట్ట మీద గాటు కూడా లేదు. ఇంకేం కావాలి?

గోదారిగట్టు: మీ ఆవకాయ సంగతి కాదండీ. అన్నవాహిక పనిచేస్తోందా అని అడిగాను.

మందులబీరువా: చాలామందిలో పూర్తిగా చేయదు. ఈ జబ్బులో నరకణాలు చచ్చిపోయి, కింది వాల్వు వదులవదు, పై గొట్టం అన్నాన్ని నెట్టదు. పోయెమ్ వాల్వు బిగువునే తీస్తుంది. కదలిక కొందరిలో కొంత తిరిగొస్తుంది, అంతే. ముద్ద ఎక్కువగా తన బరువుతోనే జారాలి. యూరప్‌లో 221 మందితో చేసిన ట్రయల్ 2019లో వచ్చింది. రెండేళ్ళకి పోయెమ్‌లో 83 శాతం, లాపరోస్కోపీ హెల్లర్‌లో (పొట్టకి చిన్న గాట్లు పెట్టి అదే కండరం కోసే ఆపరేషన్) 82 శాతం మందికి గుణం. యాసిడ్‌తో అన్నవాహిక ఒరుసుకుపోవడం మాత్రం పోయెమ్‌లో 44, హెల్లర్‌లో 29 శాతం. హెల్లర్‌లో పొట్ట పైభాగాన్ని చుట్టి అడ్డుకట్ట వేస్తారు, పోయెమ్‌లో అది ఉండదు.

ఓరుగల్లు_రామం: అంటే 56 మందికి ఏమీ లేదుగా!

గోదారిగట్టు: మా నాన్న ఆ 56లో లేరు.

ఓరుగల్లు_రామం: పరగడుపున యాసిడ్ తగ్గించే మాత్ర వేయండి. నేనూ అదే వేసుకుంటా.

గోదారిగట్టు: ఓహో! "ఇంకేం కావాలి" అన్నప్పుడు ఆ మాత్ర సంగతి చెప్పలేదే?

చిట్టిబాబు: ఇద్దరూ ఒకటే అంటున్నారు కదండీ.

ఓరుగల్లు_రామం: తిండి దిగక మాడినవాడికి మాత్ర ఒక లెక్కా? మీరు పక్కన కూర్చుని చూసినవారు, అంతే.

గోదారిగట్టు: అవును, పక్కన కూర్చున్నదాన్నే. సంతకం పెట్టిందీ నేనే. హెల్లర్ అని ఇంకోటుందని, దీంట్లో యాసిడ్ ఎక్కువని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. చెప్పినా బహుశా దీనికే ఒప్పుకునేదాన్ని. కానీ అర్ధరాత్రి లేచి కూర్చుని "ఏం చేయించావే అమ్మా" అంటున్నారు నాన్న. ఏం చెప్పను?

ఓరుగల్లు_రామం: ...అకలేషియాలో ఏ టైపండీ? మూడో టైపైతే పోయెమే మేలు, పొడుగ్గా కోయొచ్చు.

గోదారిగట్టు: రెండు.

మందులబీరువా: రెండులో ఏది చేసినా ఇంచుమించు ఒకటే. మీ తప్పేం లేదు. మంచం తలవైపు ఎత్తు చేసి, డాక్టరుకి చూపించి ఒకసారి ఎండోస్కోపీ అడగండి. మంట లేనివాళ్ళకీ లోపల పుండ్లుండొచ్చు. రామం గారూ, మీకూ అంతే.

ఓరుగల్లు_రామం: నేను 2019 తర్వాత చేయించుకోలేదు.