టాక్ టాక్ 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' సరిగ్గా వినాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. టాక్ టాక్ బ్యాండ్ 1988లో తెచ్చిన 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' ఆల్బమ్ అంటే కాలేజీ రోజుల నుంచీ నాకు ప్రాణం. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వింటున్నాను, కొంచెం సాయం కావాలి.

వినని వాళ్ల కోసం చెప్తున్నా. 1984లో 'ఇట్స్ మై లైఫ్' లాంటి సింథ్ పాప్ (సింథసైజర్ కీబోర్డులతో చేసే పాప్) పాటలతో పేరు తెచ్చుకున్న బ్యాండ్ ఇది. ఈ ఆల్బమ్‌లో ఆ ఊపంతా వదిలేశారు. ట్రంపెట్, హార్మోనికా, ఆర్గాన్, మధ్యలో పొడుగాటి నిశ్శబ్దాలు. లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో దాదాపు చీకట్లో, వాద్యకారుల చేత గంటల తరబడి ఇష్టమొచ్చినట్టు వాయింపించి, అందులోంచి ఏరి కూర్చారు. గాయకుడు మార్క్ హాలిస్ గొంతు ఇందులో పక్కనే కూర్చుని పాడినట్టుంటుంది. వాళ్ల హిట్ పాటలన్నిటికంటే నాకు ఇదే ఎక్కువ.

మొదటి మూడు పాటలు ఆగకుండా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోవాలి. నా ఫోన్ యాప్‌లో పాట మారే చోట తెగిపోతోంది. దీనికి ఏ సెట్టింగ్ మార్చాలి?

రెండోది, మా ఎండలకు ఫ్యాన్ ఆపలేం. ఆ చప్పుడులో నెమ్మది భాగాలు వినపడవు. సౌండ్ పెంచితే 'డిజైర్' పాటలో గిటార్లు, డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. యాప్‌లో వాల్యూమ్ సమం చేసే ఆప్షన్ పెడితే ఆ ఎత్తుపల్లాలు చెడిపోతాయా? చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ అయిదు వేల లోపు ఏదైనా ఉందా? బయటి చప్పుడు తగ్గితే చాలు, బాస్ ఎక్కువ అక్కర్లేదు.

మొదటి సీడీ, 1997 రీమాస్టర్ (పాత రికార్డింగ్ సౌండ్‌ని మళ్లీ సరిచేసి తెచ్చింది) రెండూ విన్నవాళ్లుంటే ఏది కొనాలో కూడా చెప్పండి. వరంగల్‌లో గానీ, కరీంనగర్‌లో గానీ పాత సీడీలు అమ్మే షాపు తెలిస్తే ఇంకా సంతోషం.