కిడ్ ఓరీ ట్రాంబోన్‌ను ఎలా వినాలి?

ప్రశ్న:
జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నడిపిన హాట్ ఫైవ్ బృందం 1925 నవంబరు నుంచి షికాగోలో చేసిన రికార్డులను కొంతకాలంగా వరుసగా వింటున్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న ఊదుడు వాద్యం), క్లారినెట్ వెంటనే మనసుకు పట్టాయి గానీ, అదే బృందంలోని కిడ్ ఓరీ ట్రాంబోన్ (గొట్టాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం) మాత్రం నాకు అందడం లేదు. స్వరం నుంచి స్వరానికి జారుతూ, అక్కడక్కడ గరగరలాడుతూ సాగే ఆ వాయింపు నైపుణ్యలోపమా, లేక ఆయన కావాలని ఎంచుకున్న పద్ధతా? ఆయన జీవితం గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
అది లోపం కాదండీ, న్యూ ఆర్లియన్స్‌లో రూపుదిద్దుకున్న 'టెయిల్‌గేట్' (బండి వెనక తలుపు) పద్ధతి. అక్కడ నాట్యసభల ప్రచారం కోసం బ్యాండును బండి ఎక్కించి వీధుల్లో తిప్పేవారు. ట్రాంబోన్ గొట్టాన్ని ముందుకు చాచినప్పుడు పక్కవారికి తగలకుండా ఆ వాద్యకారుణ్ణి బండి వెనక అంచున కూర్చోబెట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. కార్నెట్ పాటను నడిపిస్తుంటే, క్లారినెట్ పైస్థాయిలో అల్లికలు అల్లుతుంటే, ట్రాంబోన్ కింది స్థాయిలో నిలబడి పాదం ముగిసిన ప్రతి చోటా ఖాళీని పూరించి తర్వాతి పాదానికి దారి చూపాలి. పైగా హాట్ ఫైవ్ తొలి రికార్డుల్లో బాస్ వాద్యమూ లేదు, డ్రమ్ములూ లేవు. పియానో, బాంజోలతో పాటు కింది బరువును మోసింది ఓరీయే. హాట్ ఫైవ్ రికార్డుల్లోని 'ఓరీస్ క్రియోల్ ట్రాంబోన్' వినండి. బ్యాండంతా ఒక్కసారిగా ఆగి, ఆ కొద్ది క్షణాలూ ట్రాంబోన్‌కు ఒంటరిగా వదిలేసే చోట్ల ఆయన లయ ఎంత నిక్కచ్చిగా ఉంటుందో తెలుస్తుంది.

రెండవ సమాధానం:
జీవితం విషయానికొస్తే, ఆయన 1886 డిసెంబరు 25న లూసియానాలోని లాప్లాస్ దగ్గర ఒక చెరకు తోటలో పుట్టారు. చిన్నప్పుడు చేతితో చేసుకున్న వాద్యాలతో మొదలుపెట్టి, బాంజో మీదుగా ట్రాంబోన్‌కు వచ్చారు. న్యూ ఆర్లియన్స్‌లో ఆయన నడిపిన బ్యాండులో పేరున్న కార్నెట్ వాద్యకారుడు కింగ్ ఆలివర్, ఆలివర్ వెళ్లిపోయాక యువకుడైన ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించారంటే నాయకుడిగా ఆయన చెవి ఎంత గట్టిదో ఊహించవచ్చు. నా దృష్టిలో ఆయన వాయింపు కన్నా ఈ ఎంపికే పెద్ద సేవ. 1919లో కాలిఫోర్నియాకు వెళ్లి, 1922లో లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేశారు. న్యూ ఆర్లియన్స్ నల్లజాతి జాజ్ బృందం చేసిన మొట్టమొదటి రికార్డులుగా వాటిని పేర్కొంటారు. 1925లో షికాగో చేరాక హాట్ ఫైవ్‌తోనూ, పియానో వాద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్‌తోనూ పనిచేశారు. 1930ల తొలి ఏళ్లలో ఆర్థికమాంద్యం ముదిరి, పాత శైలికి గిరాకీ తగ్గడంతో సంగీతం వదిలి కోళ్ల పెంపకంలోకి దిగారు. 1944లో సినీ దర్శకుడు ఆర్సన్ వెల్స్ రేడియో కార్యక్రమం కోసం పాతతరం వాద్యకారులను కూడగట్టినప్పుడు ఓరీ మళ్లీ వెలుగులోకి వచ్చి, ఆ తర్వాత ఐరోపాలో కూడా కచేరీలు చేశారు. 1973 జనవరిలో హవాయిలో కన్నుమూశారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. హాట్ ఫైవ్ రికార్డుల్లో ఓరీ పేరున ఉన్న 'మస్క్‌రాట్ రాంబుల్' ఈసారి కార్నెట్‌ను పట్టించుకోకుండా, కింది స్థాయి మీదే చెవిపెట్టి విన్నాను. ఇన్నాళ్లూ గరగరగా తోచిన ఆ జారుడు ప్రతిసారీ తర్వాతి పాదం మొదటి దెబ్బ మీదికే వచ్చి ఆగుతోందని ఇప్పుడు వినిపిస్తోంది.